రోజువారీ పనుల పరీక్ష

"రోజూ పొద్దున ఈ ఇంట్లో ఏం జరుగుతుందో అదే జరగనివ్వండి. నేనిక్కడ లేననుకోండి," అంది థెరపిస్టు, వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంటూ.

అక్కణ్ణుంచి వంటిల్లూ, హాలూ రెండూ కనిపిస్తాయి. కావాలనే ఆ చోటు ఎంచుకుంది.

స్ట్రోకు వచ్చి నాలుగో నెల. నడక వచ్చింది, మాట వచ్చింది. ఇక ఇంటి పనుల్లో ఎవరి సాయమూ అక్కర్లేదని థెరపిస్టు అంటే ఇంటావిడ సోమవారం తన లైబ్రరీ ఉద్యోగంలో తిరిగి చేరుతుంది. అనకపోతే లేదు. సెలవులు అయిపోయాయి. లైబ్రరీలో ఆ కుర్చీ కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు.

ఇలాంటి ఇళ్ళల్లో థెరపిస్టు ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు. ఒకరికి చేతకానిది ఇంకొకరు చాటుగా చేసిపెట్టి, అంతా బాగుందంటూ నవ్వుతూ నిలబడటం చాలాసార్లు చూసింది.

"ఏమోయ్, నా తువ్వాలేదీ?" స్నానాలగదిలోంచి ఇంటాయన కేక.

"తలుపు వెనకే ఉందండీ."

"కనపడ్డం లేదోయ్."

ఆవిడ స్టవ్ తగ్గించి వెళ్ళింది. తలుపు వెనక కొక్కేనికున్న తువ్వాలు తీసి లోపలికి అందించింది. థెరపిస్టు కళ్ళు చికిలించి చూసింది.

ఆయన చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. పై గుండీ కింది కాజాలో ఉంది. ఆవిడ అన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టసాగింది. థెరపిస్టు కుర్చీ ముందుకు జరుపుకుంది. గుండీలన్నీ అయ్యేదాకా చూపు తిప్పలేదు.

"రోజూ ఇంతేనా?"

"ఇంతేనండీ," అంది ఆవిడ. గొంతులో కాస్త బెదురు. "ఇవాళ మీరున్నారని ఈయన మరీ కంగారు పడుతున్నారు."

"నాకెందుకు కంగారు? పరాయి మనిషి ఎదురుగా కూర్చుని గుండీలు చూస్తుంటే ఎవరికి మాత్రం వేళ్ళు తిరుగుతాయి?" అన్నాడాయన.

ఆవిడ వంటింట్లోకి వచ్చింది. పంచదార సీసా మూత బిగుసుకుపోయింది. ఓసారి తిప్పింది, రాలేదు. సీసాని పొట్టకి ఆనించి మళ్ళీ తిప్పితే వచ్చింది. ఆవిడ నుదురు ముంజేత్తో తుడుచుకుంది.

టీ కప్పు ఆయన ముందు పెట్టింది. ఆయన ఎత్తేసరికి కొంత సాసర్లోకి, కొంత చొక్కా మీదికి.

"నిండా పోస్తావేం?" అన్నాడు.

"మాత్రలు ఎవరు చూసుకుంటారు?" అని థెరపిస్టు ఇద్దర్నీ కలిపి అడిగింది.

"అవన్నీ ఆవిడకే తెలుసు. అరచేతిలో పెడితే మింగుతాను," అన్నాడాయన, అదో ఘనకార్యమైనట్టు.

"పోనీ, చెంచాలెక్కడుంటాయో తెలుసా?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నోరు తెరవబోతే థెరపిస్టు వేలెత్తి ఆపింది. సోమవారం జారిపోతున్నట్టే అనిపించిందేమో, ఆవిడ గట్టు అంచు గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి బట్టల బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, ఆయన థెరపిస్టు దగ్గరికి జరిగాడు.

"మేడమ్, ఇంకా పూర్తిగా నయం కాలేదని చెప్పండి. ఒక్క నెల చాలు. ఆవిడ ఇంట్లో ఉంటే నాకు ధైర్యం."

"ధైర్యమా, సుఖమా?"

ఆయన నవ్వబోయి మానేశాడు.

పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో ఎవరో ఏదో దాస్తున్నారని థెరపిస్టుకి అనుమానం. దాస్తున్నదెవరో ఇప్పుడు తెలిసింది.

"అబద్ధం చెప్పమంటున్నారన్నమాట."

"అబద్ధమెందుకండీ? నిజమే చెప్పండి, కాస్త ఆలస్యంగా."

థెరపిస్టు లేచి కిటికీ దగ్గర నిలబడింది. పెరట్లో ఆవిడ తడి దుప్పటి పిండి, దులిపి, తీగ మీద పరుస్తోంది. గాలికి అది ఎగరబోతే క్లిప్పులు పెట్టింది. ఒక్కటీ కింద పడలేదు.

ఆవిడ ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చింది. మొగుడి వైపు చూడకుండా థెరపిస్టునే అడిగింది.

"ఏమంటారండీ?"

"ఇంకో నెల చూద్దామనేగా మేడమ్?" ఆయన గబుక్కున అందుకున్నాడు.

థెరపిస్టు ఆ మాట విననట్టే ఆవిడ చేతిలోని బకెట్టు తీసి కింద పెట్టి, ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది: "ఇది స్ట్రోకు వచ్చిన చెయ్యంటే ఎవరూ నమ్మరమ్మా, సోమవారం వెళ్ళి చేరిపోండి."