ఐలి

బాప్తిస్మం ఆదివారం. అందాకా పాప పేరు ఎవరికీ చెప్పకూడదు, మా ఫిన్లాండ్ పద్ధతి అంతే. పాపను కూడా పేరుతో పిలవకుండా ఓర్చుకున్నాను గానీ, ఆపుకోలేక ఫోన్‌లో నా ఇయర్‌బడ్స్‌కి ఐలి అని ఆ పేరే పెట్టుకున్నాను.

మా ఆయన, ఓన్ని, నా ఫోన్‌లో అది చూసి నవ్వాడు. "పాపకంటే ముందు వీటికి బాప్తిస్మం చేసేశావా? మా అమ్మ చూసిందంటే నీ పని అయిపోయినట్టే."

మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. ఓన్ని పనికి వెళ్ళాడు. ఇక్కడి పసిపిల్లలందరిలాగే పాప రోజూలా వాకిట్లో, మంచు మధ్య, తన బండిలో నిద్రపోతోంది. ఇయర్‌బడ్స్ పెట్టుకుందామని ఫోన్ తెరిస్తే ఐలి అని రెండు కనబడ్డాయి. ఒకటి నా చేతిలో ఉంది. రెండోది దగ్గర్లోనే ఉందట.

వాటిని చెవుల్లో పెట్టుకుని ఒక ఐలిని నొక్కాను, ఏదో తెలియదు. చెవుల్లో మంచు రాలుతున్న చప్పుడు, దాని వెనక పాప ఊపిరి. ఆ పక్కనే ఎవరో ఆడమనిషి, "ఐలీ, నా ఐలీ" అని జోకొడుతోంది.

మేజోళ్ళతోనే బయటికి పరిగెత్తాను. బండి చుట్టూ మంచు మీద నా అడుగులు తప్ప ఇంకొక్క అడుగుజాడ లేదు. పాప మేలుకునే ఉంది.

"పాపా," అన్నాను. నా వైపు తిరగలేదు.

చెవిలో మళ్ళీ ఆ పిలుపు వినబడింది. పాప బండికి అవతలి వైపు చూసి, మొదటిసారిగా నవ్వింది.