కొత్త పరుపు

“థూ! నీ మంచంలో నల్లులన్నీ నా పరుపెక్కినాయి!” అప్పుడే హాస్టల్లో దిగిన కదిరప్ప, ఆ గదిలో ముందునుంచీ ఉంటున్న మస్తాన్ వలి మీద ఇంతెత్తున లేచాడు.

“నాది నిన్ననే ఎండకేసి, మంచం కోళ్లకు కిరసనాయిలు పూసినా. నీ పరుపే చూసుకోప్పా.”

“మా నాయన నాకని కొత్తది కుట్టిచ్చినాడు. కావాలంటే దూది చూడు!”

కదిరప్ప బ్లేడుతో కుట్టు కోశాడు. గుప్పుమని కంపు కొట్టింది. కొత్త గుడ్డ లోపల ఉన్నది నాయన రోజూ పడుకునే పరుపే. ఆయన బీడీకి కాలిన చిల్లి కూడా అట్లాగే ఉంది. అందులోంచి బలిసిన నల్లులు బిలబిలమంటూ పాకాయి. ఒకదాన్ని కసిగా నలిపాడు.

“ఛీ, ఎవురి నెత్తురో! తుడుచుకో” అన్నాడు మస్తాన్.

“మా నాయనది” అన్నాడు కదిరప్ప, వేలు తుడుచుకోకుండా.