ఖాళీ సీటు

కొత్త లారీని రోజూ కడుగుతున్నారు. అది చూసి సీనియర్‌కి కడుపు మండిపోతోంది.

షెడ్డులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. తన బండి అద్దం పగిలితే ఓనరు ఆరు నెలలు టేపుతో సరిపెట్టాడు. డ్రైవరు లేకుండా నడిచే ఈ మహారాణికి మాత్రం షాంపూ స్నానాలు!

నెల రోజుల ట్రయల్ ఈ శుక్రవారంతో ఆఖరు. ఆ తర్వాత కొండదారి లోడు ఇద్దరిలో ఒకరికే. రెండోవాళ్లు ఇంటికే.

“సీనియరన్నా, నీ సవతి వస్తోంది, దారివ్వు!” అని ఇకిలించాడు మెకానిక్.

“నీ మొహం! పని చూసుకో.”

అన్నాడే గానీ, అది గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఎంత మెత్తగా తిరిగిందో! స్టీరింగు దానంతటదే కదులుతోంది. సీటు ఖాళీ.

ఇంట్లోనైనా ఓదార్పు ఉందా అంటే అదీ లేదు.

“పొద్దస్తమానం దాన్ని ఆడిపోసుకుంటారేంటండీ? దాని పని అది చేసుకుంటోంది,” అంది భార్య ఉల్లిపాయలు తరుగుతూ. ఆవిడకి ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం. లారీల గురించి ఆవిడకేం తెలుసు?

“ఓహో! నీక్కూడా అదే ముద్దొస్తోందన్నమాట.”

“మీలా గురకపెట్టదుగా మరి!”

పకపకా నవ్వింది. అతనికి ఒళ్లు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం. కొండమలుపులు. కొత్త లారీ వెనకాలే వస్తోంది. సీనియర్ అద్దంలో చూశాడు. ఒక్కటంటే ఒక్క తప్పు చేస్తే చాలు, దాని పరువు లోయలో కలుస్తుంది. లోపల మనిషెవరైనా ఉన్నారా ఏంటి? పోతే ఇనుము పోతుంది.

సరిగ్గా మలుపు మధ్యలో బ్రేకు మీద నిలబడ్డాడు.

వెనక టైర్లు కెవ్వుమన్నాయి. కొత్త లారీ పక్కకి జారిపోయి, పిట్టగోడని రాసుకుంటూ, లోయకి జానెడు దూరంలో ఆగింది. చాలాసేపు కదల్లేదు.

సాయంత్రం ఈలవేసుకుంటూ ఇల్లు చేరాడు. భార్య అప్పటికే వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“ఇవాళ నీ ముద్దులదాన్ని ఎలా హడలగొట్టానో తెలుసా?”

“తలనొప్పిగా ఉంది. మాట్లాడకండి.”

మర్నాడు ఓనరు పిలిచాడు.

“లోడు నీకేనయ్యా. కొత్త లారీని వెనక్కి పంపేస్తున్నాం.”

సీనియర్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. “మిషను పాడైందా సార్?”

ఓనరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది బయటికి పొక్కకూడదని కంపెనీవాళ్లు అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. మిషను బాగానే ఉందయ్యా. ఆఫీసు గదిలో కూర్చుని, తెరమీద రోడ్డు చూసుకుంటూ ఇన్నాళ్లూ దాన్ని నడిపిన మీ ఆవిడే, ఇక స్టీరింగు ముట్టనని పొద్దున్నే రాజీనామా ఇచ్చేసింది.”