మోతి వంతు

"జీవాలన్నిటికి కడుపుల పురుగులు పోయే నట్టల మందు తాపిన మేడం. మరి గీ గొర్రె గిట్ల గిరగిర తిరుగుడేంది?" బాన్సువాడ పశువుల దవాఖానల గొర్లకాపరి పండరి లొల్లి పెట్టిండు.

"ఆపరేషన్ చేద్దాం, బతుకుతది. మరి కుక్కకు తాపినవా అన్నా?" అన్నది డాక్టర్ సుప్రజ.

"మోతికా? దానికెందుకు?"

"పోయినేడు గిట్లనే తిరిగి చచ్చిన గొర్రె తల ఏం చేసినవ్?"

"మోతికే ఏసిన. మందను కాస్తది, దాని వంతు గద!"

"గొర్రెను గట్ల తిప్పేది దాని మెదడుల ఉన్న నీటిబుగ్గ. ఆ తల తింటే గదే కుక్క కడుపుల బద్దెపురుగైతది. దాని గుడ్లు కుక్క పెంటతోని గడ్డి మీద పడ్తయ్, గొర్రెలు మేస్తయ్, మల్ల మెదడుల బుగ్గైతది. ఇప్పుడు ఎండకాలంల గూడ వానలాయె, ఆ తడికి గుడ్లు చస్తలేవు. మనుషులకు గూడ అంటొచ్చు, కుక్కతోని చేతులు నాకిచ్చుకోకు."

ఇంటికొచ్చినంక పండరి, డాక్టరిచ్చిన గోలిని బెల్లంల పెట్టి మోతికి ఇచ్చిండు. మోతి గుటుక్కున మింగింది.

"తోడేలు రావొద్దని నిన్ను సాదుకుంటే, తోడేలును నీ కడుపుల పెట్టింది నేనే గదరా!"

మోతి తోకాడిచ్చుకుంట ఇంకో బెల్లం ముక్క కోసం ఆయన చెయ్యి నాకబోయింది. పండరి నవ్వుకుంట చెయ్యి గుంజుకున్నడు.