అలసందల చుట్టరికం

"బంజుగు కులిబాలి అనే మనిషి మా ఠాణాలో లేడు. ఆ మాటే రాసుకుని దయచేయండి," అన్నాడు కమిషనర్ సియాకా కీటా.

సరాతా మంచుడబ్బాను ఒడిలోకి మరింత దగ్గరగా లాక్కుంది. అందులో ఉన్నది ఆమె భర్త బంజుగు రోజుకు రెండు పూటలా పొడిపించుకోవలసిన ఇన్సులిన్. లాక్కున్న వరిపొలాలను రైతులకు తిరిగి ఇవ్వాలని ఊరేగింపు నడిపించినందుకు, బంజుగు మేష్టారిని మొన్న ఉదయం బడి వాకిట్లోనే జీపు ఎక్కించారు. ఆ జీపు ఈ ఠాణాదేనని చూసినవాళ్ళందరూ చెబుతున్నారు.

"మనిషిని పట్టుకుంటే లాయరును కలవనివ్వాలి, జబ్బుంటే డాక్టరుకు చూపించాలి, రెండు రోజుల్లో జడ్జి ముందు నిలబెట్టాలి," అంది సరాతా తరఫున వచ్చిన లాయరు నియెలే కీటా. "ఈ చట్టం మీకు నేను చెప్పాలా?"

"పట్టుకుంటే కదా లాయరమ్మా! పట్టుకోని మనిషికి చట్టమేమిటి?"

జడ్జి ఇచ్చిన ఉత్తర్వు కూడా ఆ మెలిక దగ్గరే ఆగింది. మనిషి ఠాణాలో ఉంటే తక్షణం వైద్యం అందించాలి. లేడంటే ఆ సంగతి, ఉత్తర్వులు అమలు చేయించే కోర్టు ఉద్యోగి అయిన అమీనా ఎదుట చెప్పాలి. వృద్ధుడైన ఆ అమీనా, సిసోకో గారు, మూల బల్ల దగ్గర కూర్చుని, ఆ గదిలో పలికిన ప్రతి మాటనూ తలెత్తకుండా కాగితం మీద పెడుతున్నారు.

"అయితే లోపలి గదులు చూపించండి," అంది నియెలే.

"గదులు చూపించమని ఉత్తర్వులో ఉందా?"

లేదు. నియెలే ఫైలు మూసి సంచిలో పెట్టేసింది. 

"సరే అన్నా," అంది నియెలే గొంతు మార్చి. "నువ్వూ కీటావే, నేనూ కీటానే. ముష్టి కులిబాలి ఒకడి కోసం మనలో మనకు తగవెందుకు?"

కమిషనర్ ముఖం విప్పారింది. "అదీ మాట! ఇప్పుడు చెల్లెలివనిపించుకున్నావు. కూర్చో, టీ పోస్తాను."

కీటా ఇంటిపేరు వాళ్ళకూ కులిబాలి ఇంటిపేరు వాళ్ళకూ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస. ఒకరినొకరు అలసందల తిండిపోతులని ఎంత వెక్కిరించుకున్నా కోపం రాకూడదు. వెక్కిరించే సందు దొరికినప్పుడు ఊరుకోవడమే అమర్యాద. సరాతా పెళ్ళిలో ఈ పరాచికాలకు ఊరంతా పడి పడి నవ్వింది. కాని నేడు, ఈ గదిలోనా?

"కుండెడు అలసందలు కనిపిస్తే కులిబాలీలు కన్నతల్లిని కూడా గుర్తుపట్టరు," అంది నియెలే.

"కుండెడా? గాడిద మోసేటన్ని ఉన్నా చాలవు!"

"మా పక్కింటి కులిబాలిని అలసందల చేనుకు కాపలా పెట్టారన్నా. తెల్లారి చూస్తే కంచె ఒక్కటే మిగిలింది."

కమిషనర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమ్మంలోని పోలీసు కూడా తుపాకీకి ఆనుకుని నవ్వాడు.

సరాతాకు ఒళ్ళు మండిపోయింది. "నా మొగుడి ప్రాణం పోతుంటే నీకు సరసాలా, లాయరమ్మా?"

"నువ్వూరుకో వదినా. ఆ మహానుభావుడికేం? ఎక్కడో పళ్ళెం ఖాళీ చేసి, ఇంకో పళ్ళెం తెమ్మని అడుగుతూ ఉంటాడు."

"అడగడమా!" కమిషనర్ నవ్వి నవ్వి నీళ్ళు నిండిన కళ్ళు తుడుచుకున్నాడు. "కులిబాలీల పరువు తీశాడు చెల్లెమ్మా వాడు! పళ్ళెం నిండా అలసందలు పంపిస్తుంటే ఒక్క గింజ ముట్టడే! మంచినీళ్ళు, మంచినీళ్ళు అని ఒకటే గోల!"

ఎవరూ నవ్వలేదు. నియెలే టీ గ్లాసును బల్ల మీద పెట్టేసింది.

సిసోకో గారు కాగితం మీద నుంచి తలెత్తకుండానే వినయంగా అడిగారు:

"రాశాను. అలసందలు పంపిస్తున్నది మొన్నటి నుంచా, నిన్నటి నుంచా, కమిషనర్ గారూ?"