ఆరు పాయింట్ల ఆధిక్యం

ఒక అడవిలో ఆడకుందేళ్లకీ ఆడ ఉడతలకీ పందెం పడింది. పొద్దు గుంకేలోగా ఉసిరికాయని బుట్టలో ఎక్కువసార్లు వేసిన జట్టుకి వానాకాలమంతా మిట్టమీది పొద. ఓడినవాళ్లకి నీళ్లు నిలిచే పల్లం.

పొద్దు కొండ అంచుకి చేరేసరికి కుందేళ్లు ఆరు పాయింట్లు ముందున్నాయి. నాయకురాలు చెవులమ్మ, “ఇక వెయ్యకండే. కాయ పట్టుకుని కూర్చుంటే చాలు” అంది.

అందరికన్నా చిన్నది దూది. దానికి చేతులు ఊరుకోవడం లేదు. “బాగానే పడుతున్నాయి కదక్కా?”

“గెలిచే ఆటలో తప్పు చెయ్యడమెందుకే?”

అన్నీ కూర్చున్నాయి. ఉడతలొచ్చి కాయ లాక్కుని బుట్టలో వేశాయి. కాయ కుందేళ్లకి తిరిగొచ్చిన ప్రతిసారీ అదే జరిగింది. ఏడోసారి పడ్డాక పొద్దు గుంకింది.

పల్లానికి దిగుతూ చెవులమ్మ నిట్టూర్చింది. “మనం ఒక్క తప్పూ చెయ్యలేదే.”

“అవునక్కా,” అంది దూది. “అసలేమీ చెయ్యలేదు.”