లోపల చూపించమంటే

“ఎనిమిది ఫొటోలు పెట్టాడు, అన్నీ బయటివే! లోపలి కుట్టు చూపించమంటే చూపించడేంటి?”

ఎడమచేత్తో ఫోను పట్టుకుని విసుక్కుంటూనే మంజుష, నరసాపురం నుంచి చేపలు తెచ్చే వీరదుర్గ తట్టలోని పండుగప్ప మొప్పలెత్తి చూసింది.

“ఏం కొంటున్నారండి?” అంది వీరదుర్గ.

“హ్యాండ్‌బ్యాగు. ఒకరు వాడిందే, లక్షన్నర. అసలుదో నకిలీదో లోపల చూస్తేగానీ తెలీదు.”

ఫోనులో అమ్మేవాడి జవాబొస్తే మంజుష పైకే చదివింది: ‘నమ్మకం లేకపోతే మానేయండి మేడం.’

“చూపించమంటే ఎంత పొగరో చూడు!” మంజుష చిరాగ్గా ఇంకో చేప మొప్పలెత్తింది. అవీ ఎర్రగానే ఉన్నాయి.

“పన్నెండేళ్లుగా మీరు ఎత్తి చూస్తానే ఉన్నారండి,” అంది వీరదుర్గ. “నేనెప్పుడైనా ఆ మాటన్నానా?”

మంజుష చెయ్యి అక్కడే ఆగింది. ఫోను పక్కన పెట్టింది.

“నువ్వే ఒకటి తీసి ఇయ్యి, దుర్గా.”